జల్లెడ గుట్ట మీదికి మన్ను మోయకండి

మా సారు తన జీవితంలో ఒకే ఒక్క పెద్ద తప్పు చేశారు. మీరు వెతికి వెతికి ఆ తప్పునే పట్టుకుని, దానికి ఆయన పేరే పెట్టి, మళ్లీ చేయబోతున్నారు. మీరు అంటే మీరే. ఆయన దగ్గర చదువుకుని డాక్టర్లూ, ఇంజనీర్లూ, కాంట్రాక్టర్లూ అయి, ఈ పాత విద్యార్థుల పత్రిక తెప్పించుకుంటున్న మీరు. మొన్న సంతాప సభలో చప్పట్లు కొట్టిన మీరు. సంతాప సభలో చప్పట్లేమిటని ఒక్కరికైనా అనిపించలేదా?

మా బాటనీ సారు పోయిన నెల కరీంనగర్‌లో, కూతురింట్లో కన్నుమూశారు. పొద్దున చాయ్ తాగి, పేపర్ మనవరాలి చేతికిచ్చి పైకి చదవమన్నారట. ఆ పిల్ల ఒక వార్త చదివి తలెత్తేసరికి ఈయన తల కుర్చీ అంచుకు వాలి ఉంది. నాకు ఆసిఫాబాద్ కోర్టు వరండాలో తెలిసింది. చెప్పినతను "వకీల్ సాబ్, మీ గుట్ట సారు పోయిండట" అన్నాడు. బాటనీ సారు అనలేదు. ఈ జిల్లాలో ఆయన్ని ఆ పేరుతో పిలిచింది మనం, విద్యార్థులం మాత్రమే. మిగతా అందరికీ ఆయన గుట్ట సారు.

మొన్న మన కాలేజీ హాల్లో సభ పెట్టారు. మనలో బాగా పైకొచ్చిన ఒక పెద్దమనిషి మైకు అందుకున్నాడు. "సారుకు పానమసుంటి జల్లెడ గుట్టను పచ్చగ చేద్దాం. సారు పేర స్మృతివనం పెడదాం. ఎన్ని వేల మొక్కలైనా సరే. మన్ను నేను పంపిస్త, ట్రాక్టర్లు నావే" అన్నాడు. అప్పుడే మీరు చప్పట్లు కొట్టింది. నేను లేచి ఒక మాట చెబుతానన్నాను. "వకీల్ సాబ్, ఇయ్యాల్టి రోజన్న గొడవ వద్దు" అని పక్కనున్నాయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. అందుకని గొడవ ఇక్కడ పెట్టుకుంటున్నాను.

ఆ గుట్టను చూడనివాళ్ల కోసం చెబుతాను. ఆసిఫాబాద్ దాటాక తారు రోడ్డు వదిలి బండ్లబాట పడితే గైరాన్ వస్తుంది. గైరాన్ అంటే ఊరి పశువుల మేతకు ఎప్పటినుంచో వదిలేసిన బీడు. చెట్టన్నది ఎక్కడో ఒకటి. మిగతాదంతా గడ్డి. వానాకాలంలో మోకాలెత్తు, కార్తీకానికి నడుమెత్తు, ఎండలు ముదిరితే జొన్న రొట్టె రంగు. ఆ గడ్డి మధ్యలో నిట్టనిలువుగా లేచిన ఇసుకరాతి గోడ జల్లెడ గుట్ట. పసుపూ ఎరుపూ కలిసిన రాయి. గోరుతో గీకితే ఇసుక రాలుతుంది. గాలీ వానా తొలిచి తొలిచి దాని ఒళ్లంతా చిల్లులు చేశాయి. ఆ పేరు అందుకే వచ్చింది. దూరం నుంచి చూస్తే ఒక్క పచ్చని ఆకు కనబడదు. చూసిన ప్రతివాడూ "అక్కడేముంది, బండ" అనే అంటాడు. నేనూ అన్నాను.

నేను అన్నది అరవైతొమ్మిదిలో. ప్రత్యేక తెలంగాణ కావాలని కాలేజీలు మూతబడ్డ సంవత్సరం. నేను అప్పుడు పీయూసీ. పొద్దున లేస్తే ఊరేగింపు, పొద్దు గూకితే మీటింగు. ఒక సాయంత్రం సారు నేనుండే అద్దె గదికి వచ్చారు. గొడుగు తలుపుకు ఆనించి, గడప మీదే నిలబడ్డారు.

"పొద్దంత జిందాబాద్ అని నీ గొంతు కాకి గొంతాయె. రేపు దానికి జర సుట్టి ఇయ్యి. నా ఎంట రా."

"ఎక్కడికి సార్?"

"క్లాసుకు."

"కాలేజీ బంద్ గద సార్!"

"కాలేజీ బంద్. చెట్లు బంద్ లేవు."

మరునాడు సారు, నేనూ, నాలాంటి ఇంకొందరు విద్యార్థులూ మొదటి బస్సు పట్టుకుని, దిగినాక ఎండలో చాలా దూరం నడిచి పోయాం. మాలో కొందరికి చెప్పులు లేవు. నాకు కోపంగా ఉంది. బయట లాఠీలు లేస్తుంటే ఈయన మమ్మల్ని బండ చూపించడానికి తెచ్చాడు! గుట్ట దగ్గర సారు ఒక్కొక్కరికీ రాతిలో ఒక్కో పగులు చూపించి, పొలం పంచినట్టు పంచారు.

"గీ పగులు నీది. పొద్దు గూకేదాంక దీని ముంగట కూసో. గిదే నీ క్లాసు."

"పొద్దు గూకేదాంకనా సార్! ఏముందని? బండ!"

"ఏమున్నదో చెప్పుడు నా పని గాదు. కలెక్టర్ జీపుకు అడ్డం పొద్దంత కూసుంటవ్ గద, గీడ కూసోలేవా?"

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత రాతి మీద బూడిద రంగు మచ్చ ఒకటి కనబడింది. సున్నం చల్లితే పడ్డ మరకేమో అనుకున్నాను. వేలితో తాకితే గరుగ్గా ఉంది. మసాలాలో వేసే రాతిపువ్వుకు అది చుట్టమని సారు తర్వాత చెప్పారు. దాని పక్క చిల్లులో గోరంత ఇసుక పేరుకుని ఉంది. అందులో సూదిలాంటి గడ్డిపరక ఒకటి, ఒక్కటంటే ఒక్కటే. పగులు నీడలో నెమలికుచ్చు అనే చిన్న మొక్క, చిన్నపిల్లలు ఆడుకునే విసనకర్రంత. పైన ఎక్కడో రాతిని గట్టిగా పట్టుకుని తెల్లటి మానుతో తపసి చెట్టు. ఒక్క ఆకు లేదు. తెల్ల తోలు ఊడి గాలికి కొట్టుకుంటోంది. దానికి కాస్త దూరంలో కొండగోగు, దానికీ ఆకుల్లేవు. పసుపు పువ్వులు మాత్రం కొమ్మల చివర్న ఎవరో తెచ్చి పెట్టినట్టున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎంతో ఖాళీ.

సారు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి అడుగుతున్నారు. నా పగులులో ముడుచుకున్న గోధుమ రంగు ముద్ద ఒకటుంది, పిడికిలంత.

"గిదేంది?"

"ఎండిపోయిన గడ్డి సార్."

"గడ్డి గాదు. ఎండిపోలే."

తాను తాగే నీళ్లసీసా మూత నిండా నీళ్లు పట్టి దాని మీద పోశారు. ఏమీ కాలేదు. రొట్టెలు తిన్నాం. నేనూ ఇంకొకడూ ఉద్యమం మీద కొట్లాట లాంటి వాదన పెట్టుకున్నాం. అది తెగక ముందే చూస్తే ముద్ద విచ్చుకుని ఉంది. ఆకుపచ్చగా, నేల మీద చెయ్యి పరిచినట్టు. అంగట్లో సంజీవని పేరుతో అమ్మేది దాన్నే. నా నోరు తెరుచుకుంది.

సారు నా వైపు చూసి, "మీరు పిడికిలి బిగించి జిందాబాద్ అంటరు. ఇది పిడికిలి బిగించి సప్పుడు చెయ్యకుంట వాన కోసం ఆగుతది. గంతే తేడా" అన్నారు.

"సార్, గింత జాగ ఉంది గద. ఒక్కో పగులుల ఒక్కటే ఎందుకున్నది?"

"జాగ ఉన్నది, బువ్వ లేదు." ఆ రాతి మీద చెయ్యి వేసి, "గుప్పెడు మన్నుంటే ఎట్లుండెడిదో పాపం" అన్నారు.

ఆ 'పాపం' అన్న మాట గుర్తు పెట్టుకోండి. ఆయన తప్పు అక్కడే మొదలైంది.

ఇప్పుడు ఆయన్ని దేవుణ్ణి చేసేవాళ్లకు ఇంకొన్ని సంగతులు చెప్పాలి. ఆయన ఏ ఉద్యమంలోనూ లేరు. మేం తెచ్చిన ఏ విజ్ఞప్తి మీదా సంతకం పెట్టలేదు. "చదివి పెడ్త" అని తీసుకుని, మరునాడు అక్షర దోషాలు దిద్ది ఇచ్చేవారు. జమ్మికుంట దగ్గర భూములున్న కుటుంబం ఆయనది. నేను మొహం మీదే "దొర బిడ్డలకు బండ మీది మొక్కలు చూసే తీరిక ఉంటది సార్, మాకు ఏడిది?" అనేవాణ్ణి. ఆయనకు కోపం రాదు. అన్నదమ్ములకే భూమంతా వదిలేసి వచ్చారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అడిగితే, "పత్తి చేనంటే నాకు పడదురా. ఒకటే మొక్క, వరుసలల్ల, పోలీసు పరేడ్ లెక్క" అన్నారు. అది త్యాగమని నేను ఒప్పుకోను. భూమి అన్నదమ్ములకు వదిలితే కూలీలకేం ఒరిగింది? ఈ ప్రశ్న కూడా ఆయన్నే అడిగాను. "ఒరగలే. గా పాపం నాదే, రాసుకో" అని చాయ్ పోశారు. ఆయనతో వాదనలో గెలవడం ఇలా ఉండేది. గెలిచినట్టూ ఉండదు, ఓడినట్టూ ఉండదు, చాయ్ మాత్రం ఉంటుంది.

ఆ చాయ్ పెట్టే అమ్మ, సారు భార్య, ఆయన కంటే మాటకారి. ఆదివారం వస్తే సారు గొడుగు, సంచీ పట్టుకుని గుట్టకు పోయేవారు. "అందరికి సవతి ఉంటే ఊళ్లె ఉంటది. నా సవతి గైరాన్ల కూసున్నది" అనేది. సంచీలో రొట్టెలు ఆమే కట్టేది. "దానికి పెట్టకు, నువ్వే తిను" అని పంపేది.

ఇక ఆ తప్పు సంగతి. డెబ్భైల చివర్లో ఎక్కడ చూసినా వనమహోత్సవాలు. మన కాలేజీ సేవా శిబిరం సారుకు అప్పగించారు. ఎక్కడ మొక్కలు నాటాలని అడిగితే ఆయన ఇంకెక్కడ చెబుతారు? ఊరి చెరువులో పూడిక తీసి, ఆ నల్ల మన్ను తట్టలకెత్తి, విద్యార్థులు గుట్ట పాదం నుంచి పైదాకా వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ మోశారు. పగుళ్లలో నింపారు, చిల్లులలో కూరారు, పైన గుంతలు తవ్వి సుబాబుల్, కానుగ మొక్కలు పెట్టారు. మీలో చాలామంది ఆ వరసలో నిలబడ్డవాళ్లే. ఫోటో కూడా దిగారు.

నేను అప్పటికి ఆసిఫాబాద్‌లో వకీలుగా చేరాను. శ్రమదానం పేరుతో పిల్లల చేత వెట్టి చేయిస్తున్నారని ఒక పత్రికలో సారు మీద ఘాటుగా రాశాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. సారు చదివి, "మంచిగ రాసినవ్. కని మన్ను మోసుడు ఆగది" అన్నారు.

గుట్ట కిందనే గోండు గూడెం ఉంది. ఆ గూడెం పెద్దను అందరూ పటేల్ అంటారు. ఆయన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఈ మోతంతా చూశాడు.

"సారూ, బండకు బువ్వ పెడుతున్నవా?"

"పెడుతున్న పటేలా. ఎన్నేండ్లాయె, ఉపాసముంటున్నది."

"గట్లనా? తిన్నంక అది నడిచి మా గూడెంలకు వస్తదేమో, జర చెప్పి పంపు."

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గుట్ట పచ్చగా అయింది. సారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించారు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు. ఎండాకాలానికి పైన నాటిన మొక్కలు చాలా వరకు చచ్చిపోయాయి. కానీ పగుళ్లలో పోసిన చెరువు మన్ను మిగిలింది. అందులోకి గైరాన్ గడ్డి ఎక్కింది. గాలికి కొన్ని గింజలు, మన్ను మోసిన మీ లాగుల అంచులకు అంటుకుని కొన్ని. కింద నడుమెత్తు గడ్డి, పగుళ్ల వెంట పైదాకా గడ్డి, జడ అల్లినట్టు.

కాముని పున్నం, అంటే హోలీ, అయ్యాక ఇక్కడి గూడేల్లో పాత గడ్డి కాలుస్తారు. కాలిస్తేనే కొత్త చిగురు వస్తుంది, పశువు బతుకుతుంది. మంట ప్రతి ఏడూ గైరాన్ మీద నుంచి నడిచి వచ్చి గుట్ట పాదం దగ్గర ఆగి చచ్చిపోయేది. రాతి మీద కాలడానికేముంది? ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ మధ్య ఉన్న ఆ ఖాళీని మంట దాటలేదు. ఎవరూ కట్టని కంచె అది. ఆ కంచెను మనం మన్ను పోసి పూడ్చాం. మంటకు నిచ్చెన వేశాం. రెండో ఏడు మంట ఆ నిచ్చెన ఎక్కింది.

వార్త తెలిసిన పొద్దున సారు, నేను కలిసి పోయాం. ఫారెస్టు వాళ్లు మాకంటే ముందే వచ్చారు. జమేదారు గూడెం మగవాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి పేర్లు అడుగుతున్నాడు. అడవికి నిప్పు పెట్టిన కేసు. నన్ను పిలిపించింది కూడా గూడెం వాళ్లే, వకీలు కావాలని.

సారు నేరుగా గుట్ట వైపు నడిచారు. తెల్లని తపసి మాను బొగ్గయింది. రాతి మీది బూడిద మచ్చలు పెచ్చులుగా లేచిపోయాయి. ఆయన గుట్ట పాదం దగ్గర నుంచి తల దాకా, కాలిన నల్ల గీతను వేలు చాపి చూస్తూ పోయారు. గీత ఎక్కడ వంగితే వేలు అక్కడ వంగింది. మన్ను పోసిన చోటల్లా నలుపే. మన్ను పోయని పగుళ్లు ఎట్లున్నవి అట్లనే ఉన్నాయి. రాతి మీద కూర్చుని, "నేనే" అన్నారు.

చెట్టు కింద పటేల్ అరుస్తున్నాడు. "ఏటేట పెడ్తనే ఉన్నం! మా తాతలు పెట్టిండ్రు. గుట్టెప్పుడన్న కాలిందా? అడుగు మీ సారును!"

"నన్నే అడుగుండ్రి" అంటూ సారు వచ్చారు. "జమేదార్ సాబ్, వీళ్లను లేపుండ్రి. వీళ్లు ఏటేట పెట్టే మంటే పెట్టిండ్రు. గుట్ట మీదికి గడ్డి ఎక్కిచ్చింది నేను. నా పేరు రాసుకోండ్రి."

నేను ఆయన్ని పక్కకు లాగాను. "సార్, నోరు మూసుకోండ్రి. నౌకరి పోతది. వీళ్లను నేను బయటికి తెస్త, నాకు వదిలిపెట్టుండ్రి."

"ఎన్ని వాయిదాలకు తెస్తవ్రా? గన్ని రోజులు వీళ్ల పశువులను ఎవరు కాస్తరు?" అని, నా చెయ్యి విడిపించుకుని, "రోజు పేదోళ్ల దిక్కు మాట్లాడెటోనివి, ఇయ్యాల నా దిక్కు మాట్లాడుతున్నవేంది?" అన్నారు.

జమేదారుకు ఏం చేయాలో తోచలేదు. కాలేజీ సారు మీద కేసు రాస్తే పైనుంచి ఏమంటారో తెలియదు, గూడెం వాళ్ల మీద రాస్తే సారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. చివరికి ఎవరి పేరూ రాయకుండా పోయాడు. పటేల్ లేచి, తలపాగా దులిపి కట్టుకుంటూ, "గీ సారుకు మొక్కలు పెంచుడు రాదు గని మాట మీద నిలబడుడు వచ్చు" అన్నాడు. గూడెం వాళ్లు నవ్వారు. సారు కూడా నవ్వారు. ఆయన కళ్లు మాత్రం గుట్ట మీదే ఉన్నాయి.

కాలేజీ ఊరుకోలేదు. మెమో ఇచ్చారు, కొన్నాళ్లకు వేములవాడ వైపు బదిలీ చేశారు. తిరిగి మన కాలేజీకి వచ్చాక కూడా, రిటైరయ్యే దాకా, మొదటి రోజు మొదటి క్లాసులో ఆయన మొదటి మాట ఒకటే. "నేనొక గుట్టను కాలబెట్టిన. ఎట్లనో చెప్త, వినుండ్రి." ఆ తర్వాత వచ్చిన మీలో ప్రతి ఒక్కరూ ఆ మాట విన్నారు. మీరు నవ్వారు, ఆయన నవ్వించారు కూడా. పరీక్షలో రాదని తెలిసి మరిచిపోయారు. ఆయన ఏళ్ల తరబడి చెప్పిన ఒకే ఒక పాఠం మీలో ఎవరి చెవిలోనూ మిగల్లేదని మొన్నటి చప్పట్లు విన్నప్పుడు నాకు అర్థమైంది. నా కోపం అందుకు. ఆయన పోయినందుకు కాదు. ఆయన పోయినందుకు ఏడుపే వస్తుంది.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసినవాళ్లం కొద్దిమందిమే. తొలకరి పడి గడ్డి వేళ్లు మెత్తబడగానే, ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడి నుంచి, బస్సులు మారి మారి గుట్టకు వచ్చేవారు. గుట్ట పాదం దగ్గర బండ మీద కూర్చుని ముందు పాంటు అంచులు మడత విప్పి, గడ్డి గింజలు ఒక్కొక్కటే ఏరేవారు. నా లాగు కూడా ఏరుకోమనేవారు. "వకీల్ సాబ్, బట్టలు దులుపుకుని రా, కోర్టు గాదు గిది" అని. తర్వాత ఎక్కేవారు. పగులు పగులుకూ కూర్చుని, గడ్డి దుబ్బును కుదుటికంటా పీకి, వేళ్ల మన్ను సంచీలోకే దులిపేవారు. ఇంట్లోంచి తెచ్చిన గంటెతో చిల్లులలోని నల్ల మన్ను తోడేవారు. తాను ఎక్కించిన మన్ను తానే దించడం. పీకిన గడ్డి గూడెం పశువులకు పోయేది. మన్ను చెరువు గట్టు మీద పోసేవారు.

అమ్మ ఒకసారి నాతో అంది. "మన్ను ఎక్కిచ్చి బదిలీ అయిండు. మన్ను దించుకుంట రిటైర్ అయిండు. ఏం నౌకరి చేసిండో మీ సారు!" అంటూనే గంటె వెతుక్కుంటోంది, పప్పులోకి. అది సారు సంచీలో ఉంది.

నేను ఆయన పక్కన కూర్చుని గడ్డి పీకుతూ వాదించేవాణ్ణి. నా మాట ఎప్పుడూ ఒకటే: జాలి చూపేవాడికి ఎదుటివాడి బతుకు అర్థం కాదు. వాడి కళ్లకు అవతలివాడి దగ్గర లేనిదే కనబడుతుంది, ఉన్నది కనబడదు. గోండు గూడేనికి మన సర్కారు చేసిందీ ఇదే కదా, ఇళ్లిస్తాం రమ్మని రోడ్డు పక్కకు తెచ్చి కూర్చోబెట్టడం. సారు పీకుతూనే ఉన్నారు. గడ్డి దుబ్బు ఒకటి గట్టిగా పట్టుకుంది, రెండు చేతులతో లాగుతున్నారు. అది ఊడి వచ్చాక, "నువ్వు అరవైతొమ్మిదిలనే చెప్తే ఎంత మన్ను మిగిలెడిది!" అన్నారు. అది మెచ్చుకోలో, ఎగతాళో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. కింద గొడుగు వేసుకుని కూర్చున్నారు. నేనూ పటేల్ కొడుకూ ఎక్కాం. కింద నుంచి కేకలు. "కుదుటికంటా పీకు! మన్ను దులుపు, మంచిగ దులుపు! గా నెమలికుచ్చు మీద కాలు పెట్టకు, వకీలూ!"

"కనబడుతుందా సార్ అక్కడికి?"

"కనబడది. ఏడున్నదో తెలుసు."

దిగి వచ్చాక పైన ఏమేం చూశావని అడిగారు. నేను చెప్పాను. నెమలికుచ్చు పగుళ్ల నీడలో మళ్లీ వచ్చింది. కొండగోగు పూసింది. తపసి చెట్టు రాలేదు, మాను కూడా విరిగి పడిపోయింది. రాతి మీది బూడిద మచ్చలు కాలిన చోట ఇంకా బోసిగానే ఉంది. "అవి వచ్చేసరికి నా మనుమరాలు ముసల్ది అయితది" అన్నారు. బాధగా అనలేదు. బస్సు ఆలస్యమవుతుందని చెప్పినట్టు అన్నారు.

ఇంకొక్క సంగతి. సభకు ముందే, సారును కాల్చిన మూడో రోజు, మీలో కొందరు ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. అస్థికలు కొన్ని ఇస్తే సారుకు ఇష్టమైన గుట్ట మీద చల్లి వస్తామని అమ్మను అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. మంచి మనసుతోనే మీరు మన్ను కూడా మోశారు.

అమ్మ తలెత్తింది. అంతసేపూ ఏడ్చిన మనిషి, గొంతు సరిచేసుకుంది.

"బూడిదనా? గుట్ట మీదనా? ఎరువైతది బిడ్డా. గడ్డి మొలుస్తది. మళ్ల ఎవలు పీకాలె? ఆయన లేకపాయె."

వచ్చినవాళ్లు లేచారు. బయటికి వచ్చాక ఒకాయన నాతో, "పాపం, దుఃఖంల అమ్మ ఏమంటున్నదో ఆమెకే తెలుస్తలేదు" అన్నాడు. నేను ఆయన పేరు రాయను. అస్థికలు గోదావరిలో కలిపారు. ఆ ఇంట్లో ఆ రోజు ఏం మాట్లాడుతున్నదో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

మీ స్మృతివనం కథ గుట్ట దగ్గరే ఆగదు. మొక్కలకు కంచె కావాలంటారు. కంచె గైరాన్ చుట్టూ పడుతుంది. గూడెం పశువులు బయట నిలబడతాయి. గడ్డి కాల్చినవాడి మీద కేసు పడుతుంది, ఈసారి మధ్యలో నిలబడి తన పేరు రాసుకొమ్మనే సారు ఉండడు. మొక్కలు ఎండిపోతాయి, మీ ట్రాక్టర్ మన్ను మిగులుతుంది, మంట మళ్లీ పైకి ఎక్కుతుంది. పోయినసారి మన్ను పోయని పగుళ్లు కొన్ని బతికాయి. తట్టలతో మోసిన మన్ను కాబట్టి అన్ని పగుళ్లకూ అందలేదు. ట్రాక్టర్లకు అందని పగులుండదు.

అందుకని ఇది నివాళి కాదు, డిమాండ్ల పత్రం. ఒక్కొక్కటే చెబుతాను.

1. జల్లెడ గుట్ట మీద స్మృతివనం ఆలోచన మానుకోవాలి. మానుకున్నామని సభ పెట్టి చెప్పాలి. చప్పట్లు కొట్టినవాళ్లందరూ ఆ సభకు రావాలి.

2. గుట్ట మీదికి మన్ను, ఎరువు, విత్తనం, మొక్క, ఏదీ ఎవరూ ఎక్కించకూడదు.

3. గైరాన్‌ను బంజరని రాసిన ప్రతి చోటా ఆ మాట కొట్టేయాలి. దాని చుట్టూ కంచె వేయకూడదు.

4. కాముని పున్నం తర్వాత పాత గడ్డి కాల్చుకునే గూడెం వాళ్ల మీద కేసులు పెట్టకూడదు.

5. కాలేజీలో బాటనీ మొదటి క్లాసు ఇకముందు కూడా సారు తప్పుతోనే మొదలవ్వాలి. అది తప్పేనని చెప్పాలి. గొప్పతనం కింద మార్చి చెప్పకూడదు.

6. గుట్ట దగ్గర విగ్రహం, శిలాఫలకం, రాతి మీద పేరు, రంగు, ఏవీ వద్దు.

7. ఆయన కోసం ఏదన్నా చేయకుండా ఉండలేమనుకునేవాళ్లు తొలకరి పడ్డాక రండి. కింద కూర్చుని లాగుల అంచుల్లోని గింజలు ఏరుకోండి. ఇంట్లోంచి ఒక గంటె, ఒక సంచీ తెచ్చుకోండి. గడ్డి కుదుటికంటా పీకి, మన్ను దులిపి, సంచీలో కిందికి దించండి. సాయంత్రం బస్సుంది.